విశ్వదాత

తెలుగునేలపై దానానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ద్రాక్షారామం వంటి ప్రాచీన క్షేత్రాలలోని శిలాశాసనాలను పరిశీలిస్తే రెండు విధాలైన దానాలు కనిపిస్తాయి. ఒక దాత దేవునిసన్నిధిలో అఖండవర్తి దీపం వెలగడానికి కొన్ని ఆవులనో గొర్రెలనో సమర్పిస్తాడు. ఆ పశువుల పాడివల్ల వచ్చే నెయ్యి ఆ దీపానికే వినియోగం కావాలి. ఆలయం పైకప్పు కారుతున్నా, అర్చకుని ఇంట పొయ్యి వెలగకపోయినా ఆ నేతిని మరొక పనికి వాడే వీలు లేదు. మరొక దాత పండితునికి అగ్రహారాన్ని అష్టభోగ తేజస్స్వామ్యాలతో ధారపోస్తాడు. ఆ భూమిలోని నీరు, చెట్టు, రాయి, పంట అన్నిటిమీదా సర్వాధికారం ప్రతిగ్రహీతదే. ఆ ఫలాన్ని ఎలా అనుభవించాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ కూడా అతనిదే. మొదటి దానం వస్తువును ఇస్తుంది. రెండవది వస్తువుతోపాటు విశ్వాసాన్ని కూడా ఇస్తుంది.

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో తెలుగువారి భాషాసంస్కృతులను నిలబెట్టే భారం చిన్నచిన్న సంస్థల భుజాలమీద పడింది. ఊరిలో ఒక అద్దెగది, నాలుగు బీరువాలు, రెండు పత్రికలు, పది మంది ఉత్సాహవంతులు ఉంటే అది ఒక గ్రంథాలయం. సాయంకాలం అక్కడే సాహిత్య సమాజం కూడేది, పండుగనాడు అక్కడే హరికథ జరిగేది. అటువంటి సంస్థలకు రెండవ విధమైన దానాన్ని, అంటే నమ్మి ఇచ్చే దానాన్ని, జీవితవ్రతంగా స్వీకరించిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని, విశ్వదాత అని పిలుచుకొన్నారు. ఆయన రాజు కాడు, జమీందారు కాడు. ఒక చిన్న సీసాలో అమ్మిన తలనొప్పి మందుతో ఆర్జించిన ధనమే ఆయన భాండాగారం.

నాగేశ్వరరావు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లాలోని ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. స్వగ్రామంలో ప్రాథమిక విద్య ముగించుకొని, బందరులో ఉన్నతపాఠశాల చదువు సాగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. అది 1891వ సంవత్సరం. కందుకూరి వీరేశలింగం పంతులు వివేకవర్ధనిలో ప్రకటిస్తూ వచ్చిన వ్యాసాలు ఆ తరం యువకుల ఆలోచనలను కుదిపివేస్తున్న కాలమది. నాగేశ్వరరావు కూడా వాటి ప్రభావానికి లోనయ్యారు. ఒక పత్రిక ఒక జాతి మనస్సును ఎంతగా మార్చగలదో ఆయనకు విద్యార్థిదశలోనే బోధపడింది. ఆ బోధ పదిహేనేళ్లకు పైగా ఆయనలో నివురుగప్పిన నిప్పులా ఉండిపోయింది.

ఆనాడు పట్టభద్రుడైన యువకునికి ప్రభుత్వోద్యోగం కష్టమైన పని కాదు. గుమాస్తాగా చేరి తహసీలుదారుగా పదవీవిరమణ పొందడం గౌరవప్రదమైన జీవితమని పెద్దలు భావించేవారు. నాగేశ్వరరావు ఆ దారి తొక్కలేదు. వ్యాపారమే స్వతంత్ర జీవనానికి మార్గమని నిశ్చయించుకొన్నారు. మద్రాసులో కొంతకాలం పనిచేసి, కలకత్తా వెళ్లి మందుల తయారీలో మెలకువలు నేర్చుకొన్నారు. అక్కడనుండి బొంబాయి చేరి ఒక వ్యాపార సంస్థలో ఉద్యోగిగా కుదురుకొన్నారు. బంధువులు లేని, మాతృభాష వినబడని మహానగరంలో ఆయన అన్ని పనులూ స్వయంగా నేర్చుకొన్నారు. లెక్కలు రాయడం, సరుకు కొనడం, ప్రకటన సిద్ధం చేయడం, దుకాణదారుతో బేరమాడడం ఆయనకు ఆ రోజులలోనే అలవడ్డాయి.

1893లో ఆయన అమృతాంజనం అనే నొప్పి నివారణ లేపనాన్ని విపణిలో ప్రవేశపెట్టారు. సీసా వెల పది అణాలు. పేరు తెలియని మందును కొనడానికి జనం తటపటాయించడం సహజం. అందుకు పంతులు కనిపెట్టిన ఉపాయం ఆసక్తికరమైనది. సంగీతసభలు జరిగేచోట శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారు. గంటల తరబడి సాగే కచేరీలో తల బరువెక్కిన రసికుడు ఆ లేపనాన్ని నుదుటికి రాసుకొని, దాని గుణాన్ని గ్రహించి, మరునాడు దుకాణంలో అడిగి కొనుక్కొనేవాడు. అలా నోటిమాటగా వ్యాపించిన ఆ పసుపుపచ్చని లేపనం కొద్ది సంవత్సరాలలోనే దేశమంతటా ఇంటింటి మందు అయింది. ఈ వ్యాపార రహస్యంలోనే పంతులు స్వభావం కూడా తొంగిచూస్తుంది. ముందు ఇవ్వడం, ఆపైన పుచ్చుకొన్నవాని వివేకానికి విడిచిపెట్టడం ఆయన పద్ధతి.

ధనం వచ్చింది. ఆ ధనంతో ఏమి చేయాలన్న ప్రశ్న కూడా వెంటనే వచ్చింది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులు హాజరయ్యారు. అతివాదులు, మితవాదులు రెండుగా చీలిపోయిన ఆ సభ ఆయనను తీవ్రంగా ఆలోచింపజేసింది. దేశం కోసం ఇంత మథనం జరుగుతూ ఉంటే, అందులోని మంచిచెడ్డలను తెలుగువారికి తెలుగులో చెప్పే సాధనాలు చాలినన్ని లేవని ఆయన గుర్తించారు. మరుసటి సంవత్సరం, 1908 సెప్టెంబరులో, బొంబాయినుండే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగుదేశానికి వందల మైళ్ల దూరంలో, మరాఠీ, గుజరాతీ భాషలు రాజ్యమేలే నగరంలో తెలుగు అక్షరాలు కూర్పించి పత్రిక నడపడం సాహసమే. ఆ పత్రిక ఉగాది సంచికలు కథలు, కవితలు, చరిత్ర వ్యాసాలు, చిత్రాలతో నిండి తెలుగు ఇళ్లలో భద్రంగా దాచుకొనే గ్రంథాలయ్యాయి.

1914లో పంతులు పత్రికను మద్రాసుకు తరలించారు. ఆ ఏడు ఏప్రిల్ 1వ తేదీనుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారింది. అప్పటి మద్రాసు నగరం తెలుగు జిల్లాలకు రాజధాని కావడంతో విద్యార్థులు, కవులు, న్యాయవాదులు, ఉద్యమకారులు పనులమీద అక్కడికే చేరేవారు. పంతులు నివాసం వారందరికీ సత్రమైందని సమకాలికులు చెప్పుకొనేవారు. భోజనవేళకు వచ్చిన అతిథి ఏ ఊరివాడు, ఏ కులంవాడు అన్న విచారణ అక్కడ ఉండేది కాదని ప్రతీతి.

దినపత్రిక వెలువడిన పదవరోజున, అంటే 1914 ఏప్రిల్ 10న, బెజవాడలో మరొక మహత్కార్యం జరిగింది. ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన సమావేశమై తమకొక సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. ఆ కార్యానికి సారథి అయ్యంకి వెంకటరమణయ్య. అప్పటికే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం స్థాపితమయ్యాయి. ఇవి పేరు పొందిన సంస్థలు. చరిత్రకెక్కని గ్రామ గ్రంథాలయాలు ఇంకెన్నో. ఊరి బడిపంతులో, రైతుబిడ్డో, వర్తకుడో చొరవ తీసుకొని ప్రారంభించినవే అవన్నీ.

ఇటువంటి సంస్థ పుట్టడం సులభం, బతకడం కష్టం. ప్రారంభోత్సవం నాడు ఊరంతా కదలివస్తుంది. ఒకరు బీరువా ఇస్తారు, దానిమీద తన తండ్రిగారి పేరు రాయిస్తారు. మరొకరు గోడగడియారం ఇస్తారు, దానిమీద తన పేరు రాయిస్తారు. ఇంకొకరు తమ ఇంట పడిఉన్న పాతపుస్తకాలు ఇస్తారు. ఇవన్నీ కంటికి కనిపించే దానాలు. ఆరునెలలు గడిచేసరికి గది అద్దె బాకీపడుతుంది. దీపానికి కిరసనాయిలు ఉండదు. తలుపు తీసి మూసే కుర్రవానికి జీతం లేక అతడు కూలిపనికి పోతాడు. పత్రికల చందా ముగిసిపోతుంది, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయించేవారుండరు. అద్దె రశీదుమీద దాత పేరు చెక్కించడం సాధ్యం కాదు గనుక అద్దెకు దాత దొరకడు. బీరువాకు తాళంపడిన గ్రంథాలయాలలో చాలావరకు పుస్తకాలు లేక మూతబడినవి కావు. తలుపు తీసేవాడు లేక మూతబడినవి.

గ్రంథాలయోద్యమానికి నాగేశ్వరరావు చేసిన సేవను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఆయన ధనసహాయం పొందిన గ్రంథాలయాలు, పాఠశాలలు, సమాజాలు తెలుగుదేశమంతటా ఉన్నాయి. సహాయం కోరివచ్చిన సంస్థకు కలిగినంత ఇచ్చి, దానిని ఎలా ఖర్చుపెట్టుకోవాలో ఆ సంస్థవారికే వదలిపెట్టడం ఆయన అలవాటని ఆయనను ఎరిగినవారు చెప్పుకొన్నారు. ఇచ్చిన సొమ్ముకు ప్రతిగా కీర్తిని గాని, అధికారాన్ని గాని ఆయన ఆశించలేదు. ఊరిలో ఉన్నవానికే ఊరి అవసరం తెలుస్తుంది. ఈ నెల అద్దె ముఖ్యమో, కొత్త పుస్తకం ముఖ్యమో మద్రాసులో కూర్చున్న దాతకన్న ఆ గ్రంథాలయ కార్యదర్శికే బాగా తెలుసు. పంతులు దాతృత్వానికి పునాది ఈ సామాన్య సత్యమే. అటువంటి సొమ్ము పరిమాణంలో చిన్నదైనా, చిన్న సంస్థకు అది ఊపిరి. అద్దె దిగులు తీరిన కార్యదర్శి మాత్రమే రాత్రిబడి పెట్టాలని, మహిళలకు ప్రత్యేక సమయం కేటాయించాలని ఆలోచించగలడు.

పంతులు వితరణ విలువను చక్కగా వెల్లడించే ఉదాహరణ ఆంధ్రవిజ్ఞాన సర్వస్వం కథ. కొమర్రాజు లక్ష్మణరావు మహాపండితుడు, మునగాల సంస్థానంలో దివాను. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించినవారిలో ఆయన ప్రముఖుడు. సకల శాస్త్రాలసారాన్ని అకారాది క్రమంలో తెలుగులో అందించాలని ఆయన విజ్ఞాన సర్వస్వాన్ని ఆరంభించారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. అవి ‘అ’ అనే అక్షరాన్నే దాటలేదు. దీనినిబట్టి ఆయన సంకల్పం ఎంత విశాలమైనదో ఊహించవచ్చు. 1923 జులైలో లక్ష్మణరావు అకాలమరణం చెందారు. ఆ మహాకార్యం అర్ధాంతరంగా నిలిచిపోయింది.

ఇటువంటి పని ఏ దాతనూ సులభంగా ఆకర్షించదు. దానికి ప్రారంభోత్సవపు సందడి లేదు, ముగింపు ఎప్పుడో తెలియదు, అమ్మకాలవల్ల పెట్టుబడి తిరిగివస్తుందన్న ఆశ లేదు. పండితులు ఏళ్ల తరబడి కూర్చుని చదవాలి, రాయాలి, సరిచూడాలి. ఆ సంవత్సరాలన్నిటా వారి కుటుంబాలు గడవాలి. నాగేశ్వరరావు ఆ బరువును తలకెత్తుకొన్నారు. మిత్రుని సంకల్పం ఆగిపోరాదన్న పట్టుదలతో పండితులను సమకూర్చి, వారికి పోషణ కల్పించి, 1930వ దశకంలో సర్వస్వాన్ని మళ్లీ వెలువరించారు. ఆ పనిలో పాల్గొన్నవారిలో చరిత్రపరిశోధకుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి విద్వాంసులున్నారు. సర్వస్వం పంతులు జీవితకాలంలోనూ పూర్తికాలేదు. అయినా ఆ ప్రయత్నం పండితులకు వృత్తినిచ్చింది, తెలుగు వచనానికి శాస్త్రవిషయాలను మోసే బలమిచ్చింది, తరువాతి తరాల విజ్ఞాన సర్వస్వ నిర్మాతలకు మార్గం చూపింది. ఫలితం చేతికందేదాకా వేచి ఉండి ఇచ్చే దాత ఇటువంటి పనిని ఎన్నడూ నిలబెట్టలేడు.

1924 జనవరిలో పంతులు భారతి అనే మాసపత్రికను ప్రారంభించారు. తెలుగు సాహిత్యచరిత్రలో ఈ పత్రిక స్థానం విశిష్టమైనది. శాసనపరిశోధన, ఛందస్సు, వ్యాకరణం, చిత్రకళ, సంగీతం, విజ్ఞానశాస్త్రం, ఖండకావ్యం, కథానిక అన్నీ దాని పుటలలో చోటుచేసుకొన్నాయి. గన్నవరపు సుబ్బరామయ్య చిరకాలం దాని సంపాదకత్వ భారాన్ని వహించారు. గ్రాంథికవాదులు, వ్యావహారికవాదులు ఒకరినొకరు సహించలేని రోజులవి. భారతిలో రెండు పక్షాలవారి రచనలూ వెలువడ్డాయి. ప్రాచీన కావ్యాలపై విమర్శ ఉన్న సంచికలోనే నవ్యకవుల గీతాలూ ఉండేవి. పంతులు స్వయంగా సంప్రదాయప్రియులు, శైవభక్తులు. అయినప్పటికీ తన అభిరుచిని పత్రికకు సరిహద్దుగా గీయలేదు. సొమ్ము పెట్టినవాడే రుచిని శాసించాలన్న నియమం ఉండిఉంటే, భావకవిత్వానికి, ఆ తరువాతి అభ్యుదయ కవిత్వానికి అంతటి వేదిక లభించేది కాదు. భారతిలో రచన అచ్చయిందంటే కవికి అదొక పట్టాభిషేకమన్న భావన ఏర్పడింది. సంస్థకు ఇచ్చిన స్వేచ్ఛ చివరకు సాహిత్యానికి దక్కిన స్వేచ్ఛగా పరిణమించింది.

1926లో ఆంధ్రగ్రంథమాల ఆరంభమైంది. మంచి పుస్తకాలను సామాన్యులు కొనగలిగిన వెలకు అందించడం దాని ఆశయం. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణతో, విపులమైన పీఠికతో ఈ మాలలోనే వెలుగు చూసింది. అనేక శతాబ్దాలుగా పండితలోకం చిన్నచూపు చూసిన ద్విపద కావ్యాన్ని సాహిత్యమధ్యంలో నిలబెట్టిన ఘనత ఆ ప్రచురణకు దక్కుతుంది. ప్రభాకరశాస్త్రి సాగించిన పరిశోధన ఒక ఎత్తు కాగా, దానిని తొందరపెట్టకుండా, కుదించకుండా అచ్చువేసిన ప్రకాశకుని ఔదార్యం మరొక ఎత్తు.

ఇన్ని పనులలో మునిగిఉండికూడా నాగేశ్వరరావు జాతీయోద్యమానికి దూరంగా లేరు. 1924-34 సంవత్సరాల నడుమ ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా సేవ చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఆ ఏకాంతాన్ని ఆయన వ్యర్థపుచ్చలేదు. భగవద్గీతకు వ్యాఖ్య రచించారు. ఫలాపేక్ష లేకుండా కర్తవ్యాన్ని ఆచరించమనే ఆ గ్రంథం ఆయనకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఆంధ్రవిశ్వవిద్యాలయం 1935లో ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది.

తెలుగువారి ప్రత్యేక రాష్ట్రం ఆయన చిరకాల స్వప్నం. కోస్తా, రాయలసీమ ప్రాంతాల నాయకుల మధ్య అపనమ్మకాలు ఆ స్వప్నానికి అడ్డంకిగా నిలిచాయి. 1937 నవంబరు 16న ఉభయపక్షాల పెద్దలు మద్రాసులోని పంతులు నివాసమైన శ్రీబాగ్‌లో సమావేశమై ఒక అంగీకారానికి వచ్చారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. రాయలసీమకు నదీజలాల విషయంలో ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా ఉన్నతన్యాయస్థానం ఆ ప్రాంతంలో ఏర్పాటు కావడం అందులోని ముఖ్యాంశాలు. పరస్పరం నమ్మని రెండు పక్షాలూ కలిసి కూర్చోవడానికి అంగీకరించిన ఇల్లు అది. ఎవరిమీదా షరతులు పెట్టని మనిషి ఇల్లు కావడంవల్లనే అక్కడ ఇరువురికీ సంకోచం కలుగలేదని చెప్పవచ్చు.

నిబంధన లేని దానాన్ని విమర్శించేవారు ఎప్పుడూ ఉంటారు. అడిగినవారికెల్లా ఇస్తే అనర్హులు కూడా అందుకొంటారని, లెక్క అడగకపోతే సొమ్ము దుర్వినియోగమవుతుందని వారి వాదం. అందులో నిజం లేకపోలేదు. పంతులువంటి దాతను మోసగించడం కష్టమైన పని కాదు. అయితే ప్రతి రూపాయికీ కాపలా పెట్టడానికీ ఖర్చు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు ఖాళీవేళలలో నడిపే చిన్న సంస్థ, నివేదికలు రాయడంలోనే ఆ వేళను వెచ్చించవలసి వస్తుంది. దాత మనస్సుకు నచ్చే పనులను వెతుక్కోవడంలో తాను చేయదలచిన పనిని మరచిపోతుంది. నిజాయితీపరులైన తొమ్మిదిమందిని అనుమానించి ఒక్క మోసగాణ్ణి అడ్డుకోవడం లాభమా, తొమ్మిదిమందిని నమ్మి ఒక్కరి చేతిలో మోసపోవడం లాభమా అన్న ప్రశ్నకు పంతులు తన జీవితంతో రెండవ పక్షాన సమాధానం చెప్పారు. వ్యాపారంలో ఆయన అమాయకుడేమీ కాదు. నాలుగు దశాబ్దాలకు పైగా ఒక ఔషధాన్ని దేశమంతటా నమ్మకంగా నిలబెట్టి, 1936లో అమృతాంజనాన్ని పరిమిత సంస్థగా క్రమబద్ధం చేసిన దక్షుడు. సంపాదనలో లెక్క, దానంలో విశ్వాసం ఆయనలో పరస్పర విరుద్ధాలు కాలేదు. లెక్క తెలిసినవాడే ఎక్కడ లెక్క అడగనవసరం లేదో కూడా గుర్తించగలడు.

ఆ పద్ధతికి ఒక పరిమితి మాత్రం ఉంది. దానం ఎంత ఉదారమైనదైనా అది ఒక మనిషిని ఆశ్రయించుకొని ఉంటే, ఆ మనిషితోపాటే దాని ఆయువు కూడా చెల్లిపోయే ప్రమాదం ఉంది. 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు పంతులు మరణించారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ ఆయన పత్రికలను, వ్యాపారాన్ని సమర్థంగా కొనసాగించారు. ఆంధ్రపత్రిక, భారతి 1991 వరకు వెలువడుతూ వచ్చాయి. అయినా ఊరూరా ఉన్న చిన్న గ్రంథాలయానికి ఆపదలో తలుపు తట్టడానికి మళ్లీ అటువంటి ఇల్లు దొరకలేదు.

గ్రంథాలయోద్యమకారులు ఈ పరిమితిని గుర్తించారు. దాత దయమీద కాక ప్రజల హక్కుమీద గ్రంథాలయం నిలవాలని వారు ఆందోళన చేశారు. ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ వంటివారి కృషి ఫలించి 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌరగ్రంథాలయ చట్టం వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రంలోనూ, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటి చట్టాలే అమలులోకి వచ్చాయి. ఇంటిపన్నుతోపాటు కొద్దిపాటి గ్రంథాలయ పన్ను వసూలుచేసి, దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేర్చాలన్నది ఆంధ్రప్రదేశ్ చట్టంలోని ఏర్పాటు. ఎన్నడూ ఎవరి ముందూ చేయిచాపకుండా అద్దె, జీతం, చందా చెల్లించగలిగే క్రమమైన ఆదాయం గ్రంథాలయానికి ఉండాలన్నది అందులోని భావం. వసూలైన పన్ను సకాలంలో గ్రంథాలయాలకు చేరడం లేదన్న ఫిర్యాదు తరువాతి కాలంలో తరచు వినబడింది. చట్టం డబ్బును ఇవ్వగలదు గాని, ఇచ్చేవాని మనస్సును మార్చలేదు. నాగేశ్వరరావు వంటి దాత మనస్సు, చట్టం కల్పించే క్రమబద్ధత రెండూ కలిసినప్పుడే చిన్న సంస్థలకు పూర్తి భద్రత.

గ్రంథాలయాలకు ఒక చట్టమైనా ఉంది. నాటక సమాజాలు, సంగీతసభలు, తోలుబొమ్మలాట బృందాలు, ఊరి సాహితీసమితులకు అదీ లేదు. అవి ఇప్పటికీ విరాళాలమీదనే బతుకుతున్నాయి. వార్షికోత్సవానికి, సన్మానానికి, విగ్రహానికి విరాళం దొరికినంత సులభంగా అద్దెకు, దీపానికి, జీతానికి విరాళం దొరకదు. నాలుగు రోజుల ఉత్సవం ఘనంగా జరిగిన సంస్థ మిగిలిన సంవత్సరమంతా తాళంతో ఉండడం అరుదైన దృశ్యం కాదు.

మద్రాసు మైలాపూరులోని లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పేరుతో ఒక ఉద్యానవనం ఉంది. తెల్లవారుజామున అక్కడ నడకకు వచ్చేవారిలో చాలామందికి ఆ పేరు ఎవరిదో తెలియకపోవచ్చు. ఇంట్లో తలనొప్పి వచ్చినప్పుడు పసుపుపచ్చని సీసాకోసం వెతికేవారికి దాని వెనుక ఒక విజ్ఞాన సర్వస్వం, ఒక భారతి, ఎన్నో గ్రామ గ్రంథాలయాలు ఉన్నాయన్న ఎరుక ఉండకపోవచ్చు. అందుకు పంతులు నొచ్చుకొనేవారు కారు. ఆయన ఇచ్చిన సొమ్ములో ఎక్కువభాగం పేరు చెక్కడానికి వీలులేని పనులకే ఖర్చయింది. ఏదో ఒక ఊరిలో ఒక సాయంకాలం దీపం వెలిగింది, తలుపు తెరుచుకొంది, బడి మానిన కుర్రవాడు ఒక పుస్తకం అందుకొని బల్లముందు కూర్చున్నాడు. ఆ దీపంలో నూనె ఎవరు పోశారో అతనికి తెలియదు. తెలియవలసిన అవసరం ఉందని దాత కూడా అనుకోలేదు.